సుంకం వారిది, భారం మనది

వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న మా సఖినేటిపల్లి నుంచి అమెరికా ఎంత దూరమని అడిగితే విద్యార్థులు పటం చూసి చెబుతారు. రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్న వారి తండ్రులను అడిగితే ఒక్క రాత్రి దూరమంటారు. అక్కడ వెలువడిన ప్రకటన తెల్లవారేసరికి ఇక్కడి గట్టు మీద ధరను మార్చివేస్తుంది.

ఈ రెండు ప్రజాస్వామ్య దేశాల సంబంధం ఏనాడూ ఒకే తీరున సాగలేదు. 1950, 60 దశకాల్లో పి.ఎల్. 480 పథకం కింద అమెరికా గోధుమలు మనకు వచ్చాయి. 1998లో పోఖ్రాన్ అణుపరీక్షల తరువాత అదే దేశం మనపై ఆంక్షలు విధించింది. పదేళ్లకు, 2008లో, ఇరుదేశాలూ పౌర అణు ఒప్పందం చేసుకున్నాయి. 2009లో వనామీ సాగుకు అనుమతి లభించాక హవాయి వంటి చోట్ల నుంచి తల్లి రొయ్యలు విమానాల్లో దిగాయి. వాటి సంతతి మన చెరువుల్లో పెరిగి, మంచుపెట్టెల్లో మళ్లీ అమెరికాకే చేరింది. మన రొయ్యలకు అతిపెద్ద విపణి అదే అయింది.

2025 ఆగస్టు 7న అమెరికా మన సరుకులపై 25 శాతం సుంకం విధించింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం చేర్చింది. రొయ్యలపై అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ వంటి సుంకాలు దీనికి అదనమయ్యాయి. మనతో పోటీపడే ఈక్వెడార్‌పై విధించినది 15 శాతమే.

సుంకం చెల్లించేది అక్కడి దిగుమతిదారు. అతడు ధర తగ్గించమంటాడు. ఎగుమతిదారు ఆ కోతను వ్యాపారికి, వ్యాపారి రైతుకు బదిలీ చేస్తాడు. రైతుకు కింద మరెవరూ లేరు. ధర వచ్చేదాకా ఆగుదామంటే రొయ్య ధాన్యం కాదు. రోజూ మేత వేయాలి, ఏరియేటర్లు తిరగాలి, తెగులు రాకుండా కాపాడుకోవాలి. చమురు ఎక్కడ కొనాలో నిర్ణయించింది అతడు కాదు. శిక్ష మాత్రం అతడికి పడింది.

సుంకాలు తగ్గవచ్చు, మళ్లీ పెరగనూ వచ్చు. ఒకే కొనుగోలుదారును నమ్ముకోరాదన్నది ఇందులోని పాఠం. 2025 జూలై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం వంటివి కొత్త దారులు తెరుస్తాయి. మన పళ్లెంలోనూ మన రొయ్యకు చోటుండాలి.

దేశాల నడుమ సయోధ్య మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒకటుంది. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తుడికి గడువివ్వమని, వీలైతే మాఫీ చేయమని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తోంది. మేత బాకీ, కౌలు బాకీ రావలసినవారు మనలోనూ ఉన్నారు. ఈ పంటకు వారిచ్చే గడువే ఒక ఇంటి పొయ్యిని నిలబెట్టవచ్చు.