బొంత

పాతచీర యెన్నడు నిరుపయోగ మగును? కొంగు చినిగిననాడా, రంగు వెలసిననాడా? మన పెద్దలు చీర చినిగిన పిదపనే దానికి రెండవ యుపయోగమును కల్పించిరి. అదియే బొంత.

సంస్కృతమున దీనిని కంథ యందురు. వీధిలో దొరకిన పీలికలతో కుట్టిన కంథను ధరించు యోగి భజగోవింద స్తోత్రమున గానవచ్చును. బౌద్ధభిక్షువులును పారవైచిన గుడ్డల నేరి, ముక్కలు కలిపి చీవరములు కుట్టుకొనుచుండిరి. ఆ ముక్కల యమరిక మగధదేశపు వరిమళ్లను బోలి యుండవలెనని బుద్ధుడు ఆనందునితో చెప్పెనని వినయపిటకమున గలదు. విరాగికి కంథ తనకేమియు లేదనుటకు గుర్తు. గృహిణి చేతిలో నదియే తనవారందరు నున్నారనుటకు గుర్తైనది. మా యత్తగారు ఇంటి బొంతను పరచినపుడెల్ల, "ఈ యెఱ్ఱయంచు మా యమ్మ చీరది, ఈ తెలుపు మీ మామగారి పంచెది" యని చూపుచుండెడివారు. వంశవృక్షమును వ్రాయ నేర్వనివారు దానిని కుట్టి యుంచిరి.

బొంత కుట్టుటకు మెత్తబడిన నూలుచీరలను చాపపై పొరలు పొరలుగా పరచి, ముడుతలు లేకుండ సవరించి, ముందుగా అంచులు కుట్టుదురు. పిదప సూదిని క్రిందికిని పైకిని నడపుచు వరుసలుగా లోనికి వత్తురు. పొరల నడుమ నిలిచిన గాలి చలిని ఆపును. పలుమారు ఉదికిన బట్టలో గంజిబిరుసు ఉండదు. కావుననే పసిబిడ్డకు పొత్తిగుడ్డలుగా పాతబట్టలనే వాడిరి. బొంతకు పనికిరాని పీలికలను జడగా అల్లి, చుట్టగా చుట్టి కుట్టి, కాళ్లు తుడుచుకొను పట్టలు చేయుదురు.

ఈ విద్య మన యొక్కరిదే కాదు. ఉత్తరకన్నడ మండలమునందలి సిద్దీల పూర్వులు ఆఫ్రికానుండి తేబడినవారు. ఆ స్త్రీలు తమ బొంత మూలలయందు చిన్న గుడ్డలను మడచి కుట్టి, వానిని పూలందురు. పూలు లేని బొంత వారికి సంపూర్ణము కాదు. వంగదేశపు స్త్రీలు చీరయంచుల దారమునే లాగి, నడుమ పద్మమును, మూలల చెట్లను కుట్టిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఖుల్నా ప్రాంతపు మానదాసుందరీదాసి తండ్రికై కుట్టిన కంథపై తన పేరును దారముతోనే వ్రాసినది. గురుసదయ దత్తుగారు (1882–1941) జానపద కళావస్తువులను సేకరించి యుండుటచే నది నేటికిని నిలిచియున్నది.

మన అవ్వల బొంతలకు అట్టి భాగ్యము పట్టలేదు. అవి వాడి వాడి చినిగినవి. కుట్టిన చేతుల పేర్లును వానితో పోయినవి. నేడు నూలుచీరలు తగ్గి, జారుడు బట్టలు హెచ్చినవి. ఉన్న పాతచీరలును స్టీలుగిన్నె లిచ్చువారి మూటలో చేరుచున్నవి. గిన్నె యే యంగడిలోనైనను దొరకును. అమ్మ కట్టిన చీర మరల దొరకదు.

కావున సోదరీమణులారా! ఇంట పెద్దవారి చూపును చేయియు బాగుగ నున్నపుడే వారిచెంత గూర్చుండి, ఏ చీర యెవరిదో యడిగి, ఆడపిల్లలతో గూడ నొక్క బొంతయైనను కుట్టుడు. ఒక మూలను కుట్టినవారి పేరును, సంవత్సరమును దారముతో వ్రాయుడు. తరువాత దానిని పెట్టెలో దాచక, బిడ్డలకు కప్పుడు.