నేల జ్ఞాపకము: పాలస్తీనా చలనచిత్రములు

దస్తావేజు పోయిన భూమి ఎన్ని తగవులకు మూలమగునో మన రైతులకు వేఱుగ జెప్ప నక్కఱలేదు. 2024 జూలై 21వ తేది రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున మంటలు చెలరేగి భూమి దస్త్రములు పెక్కులు దగ్ధమయ్యెను. కాగితము కాలిన పిమ్మట నేల యెవ్వరిదో చెప్పుటకు మిగులునది మనుష్యుల జ్ఞాపకమే. ఆ జ్ఞాపకమును తెరపై నిలుపుటయే వ్రతముగ జేసికొనిన కళ యొకటి పాలస్తీనా ప్రజలలో వర్ధిల్లుచున్నది.

1948లో ఏడు లక్షలకు పైబడిన పాలస్తీనా అరబ్బులు ఇండ్లును పొలములును కోల్పోయి కాందిశీకులైరి. నాలుగు వందలకు మించిన గ్రామములు నిర్జనములయ్యెను. 1968లో ముస్తఫా అబూ అలీ, హానీ జవహరియా, సులాఫా జాదల్లా అను మువ్వురు అమ్మాను నగరమున చలనచిత్ర శాఖను నెలకొల్పి, తమవారి జీవితమును చిత్రింప మొదలిడిరి. అట్లు కూడిన చిత్రభాండారము 1982లో ఇజ్రాయేలు సేనలు బేరూతుపై దండెత్తిన దినములలో అదృశ్యమయ్యెను. భూమి పోయినది, భూమిని గూర్చిన సాక్ష్యమును పోయినది.

అయినను ఆ కళ ఆగలేదు. నజరేతువాసి మిషెల్ ఖ్లైఫీ 1980లో తీసిన "సారవంతమైన జ్ఞాపకము" అను చిత్రమున ఒక వృద్ధ వితంతువు కలదు. ఆమె కార్ఖానాలో పనిచేసి పొట్టపోసికొనుచుండును. సర్కారు వశమైన తన పొలమునకు వెల పుచ్చుకొమ్మని బిడ్డలే బోధించినను ఆమె సమ్మతింపదు. పొలము గల ప్రతి గృహస్థుడును ఆ ముదుసలి మొండితనము నెఱుంగగలడు.

కమాల్ అల్‌జాఫరీ 2015లో మఱియొక మార్గము త్రొక్కెను. యాఫా రేవుపట్టణమున పరులు తీసిన పాత కథాచిత్రములను గైకొని, అందలి నటులను తుడిచివేసెను. వెనుకనున్న గోడలు, వీథులు, దారిన బోవు పట్టణవాసులు మాత్రమే మిగిలిరి. పరుల కథకు తెరచాటుగ నుండిన ఊరు తానే కథయైనది.

కథయు పాటయు లేని చిత్రము మనకేల యని కొందఱు ఆక్షేపింపవచ్చును. తన ఊరి గోడను మఱి చూడజాలనివానికి ఆ గోడయే కథ యని మా సమాధానము. మన తెరకును నేల కొత్తగాదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు "రైతుబిడ్డ"ను తీయగా జమీందారులు కినిసిరి. పాలస్తీనా రైతు నేల గోల్పోయిన 1948వ సంవత్సరపు చట్టముచేతనే మదరాసు రాష్ట్రమున జమీలు రద్దై, పుంగనూరు జమీ రైతునకు పట్టా దారి తెఱవబడెను.

నేడు వానలు లేక, పని దొరకక కుప్పము ప్రాంతపు జనులు బెంగుళూరికి రైలెక్కుచున్నారు. వారి స్థితి పాలస్తీనా వారి స్థితి యొకటే యనుట అన్యాయము. వీరు పండుగకు మరలి రాగలరు. కాని ఊరు విడిచినవారి బిడ్డలకు చేని గట్టు, చెఱువు పేరు, బావి త్రవ్విన తాత కథ తెలియకపోవుట మాత్రము ఇచ్చటను జరుగుచున్నది.

పట్టాలను పెట్టెలో భద్రపఱచు గృహస్థులు తమ పెద్దల మాటలను, పొలముల రూపును గూడ చిత్రించి దాచవలెను. నేడు చేతి ఫోనే అందులకు చాలును. 1997లో కుప్పమున వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయము ఇట్టి సేకరణమునకు పూనుకొన్న మూడు సీమలకును ఉపకారమగును. పెద్దలు జీవించియుండగనే ఈ పని కావలెను.