ట్రోమ్సో వెళ్తున్నారా? చలి కంటే ముందు కాగితాల సంగతి చూసుకోండి

నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సోలో సీటు వచ్చిందని ఇంట్లో చెప్పగానే వచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే. ‘అంత చలిలో ఎలా ఉంటావు?’ నిజానికి చలికి పరిష్కారం ఉంది. మంచి బూట్లు, ఉన్ని దుస్తులు కొనుక్కుంటే సరిపోతుంది. కొత్తగా వెళ్లినవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మొదటి రెండు నెలల్లో చేసుకోవాల్సిన పనుల వరుస. అందులో ఒకటి ఆలస్యమైతే జీతం, డాక్టర్, మీరు కట్టిన డబ్బు అన్నీ వెనక్కి వెళ్తాయి.

చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లతో పాటు, నార్తర్న్ లైట్స్ చూడటానికి నాలుగు రోజులు వెళ్లేవాళ్లకూ ఉపయోగపడే వివరాలివి.

ఇది ఎలాంటి ఊరు?

ట్రోమ్సో ఆర్కిటిక్ వలయానికి సుమారు 350 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. జనాభా 80 వేలకు కాస్త అటూఇటూ. అంటే మన భీమవరం పట్టణంలో దాదాపు సగం. సిటీ సెంటర్, యూనివర్సిటీ, పెద్దాసుపత్రి, ఎయిర్‌పోర్ట్ అన్నీ ఒకే దీవి మీద ఉంటాయి. ఎయిర్‌పోర్ట్ నుంచి సెంటర్‌కు 5 కిలోమీటర్లే.

ఇక్కడికి రైలు లేదు. దగ్గరి స్టేషన్ నార్విక్. అక్కడి నుంచి బస్సులో దాదాపు 4 గంటలు పడుతుంది. పైగా నార్విక్ రైలు మార్గం వెళ్లేది స్వీడన్ వైపు, ఆస్లో వైపు కాదు. కాబట్టి చాలామంది ఆస్లో నుంచి విమానంలోనే వస్తారు. ప్రయాణం 2 గంటల లోపే.

దిగాక ముందు ఏం చేయాలి?

నార్వేలో ఏ పనికైనా మూలం 11 అంకెల జాతీయ గుర్తింపు సంఖ్య. మన ఆధార్ లాంటిదే అనుకోండి. మొదటి 6 అంకెలు మీ పుట్టిన తేదీ. ఆ సంఖ్య చేతికి రావాలంటే వరుస ఇదీ:

1. పోలీసుల దగ్గర నమోదు. రెసిడెన్స్ పర్మిట్ మంజూరై, ఎంట్రీ వీసాతో వెళ్లినవాళ్లు దిగిన 7 రోజుల్లోగా పోలీసులను సంప్రదించాలి. రెసిడెన్స్ కార్డుకు వేలిముద్రలు, ఫొటో అక్కడే తీసుకుంటారు. సెమిస్టర్ మొదలయ్యే ఆగస్టులో స్లాట్లు త్వరగా అయిపోతాయి. పర్మిట్ వచ్చిన రోజే ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి.

2. పన్నుల శాఖ. 6 నెలలకు మించి ఉండేవాళ్లు తాము నార్వేకు మారినట్టు పన్నుల శాఖకు తెలియజేసి, పాస్‌పోర్ట్‌తో స్వయంగా వెళ్లాలి. ఆ తర్వాతే 11 అంకెల సంఖ్య వస్తుంది. తక్కువ కాలం ఉండేవాళ్లకు ‘డి-నంబర్’ ఇస్తారు. అది తాత్కాలికం. దానితో అన్ని సేవలూ అందవు.

3. బ్యాంక్ ఖాతా, బ్యాంక్‌ఐడీ. సంఖ్య వచ్చాక ఖాతా తెరవొచ్చు. దానితో వచ్చే బ్యాంక్‌ఐడీ అనే డిజిటల్ గుర్తింపుతోనే ప్రభుత్వ సైట్లలోకి లాగిన్ అవుతారు. ఫోన్‌లో డబ్బు పంపే విప్స్ యాప్ కూడా ఆ తర్వాతే.

చిన్న విషయంలా కనిపించే పెద్ద సంగతి ఒకటుంది. ఇంటి పోస్ట్‌బాక్స్ మీద మీ పేరు లేకపోతే ఉత్తరాలు మీకు చేరవు. రెసిడెన్స్ కార్డు, బ్యాంక్ ఉత్తరాలు వచ్చేది పోస్టులోనే. గదిలో సామాను దించగానే డబ్బా మీద పేరు అంటించండి.

మీరు కట్టిన డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది?

స్టూడెంట్ పర్మిట్ కోసం ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు ఉందని చూపించాలి. ఆ మొత్తం లక్షన్నర క్రోనర్లకు పైనే. మన రూపాయల్లో 12 లక్షలు దాటుతుంది. ఏటా మారుతుంది కాబట్టి, ఇమిగ్రేషన్ శాఖ ‘యూడీఐ’ సైట్‌లో తాజా మొత్తం చూసుకోండి. యూరప్ బయటి దేశాల విద్యార్థులకు 2023 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లోనూ ట్యూషన్ ఫీజు ఉంది. ఈ డబ్బు దానికి అదనం.

చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. కొన్ని యూనివర్సిటీలు ఈ మొత్తాన్ని తమ డిపాజిట్ ఖాతాలో వేయించుకుంటాయి. నార్వేలో మీకు బ్యాంక్ ఖాతా వచ్చాకే తిరిగి ఇస్తాయి. అంటే పోలీస్ స్లాట్ ఆలస్యమైతే గుర్తింపు సంఖ్య ఆలస్యం, అది ఆలస్యమైతే ఖాతా ఆలస్యం. 12 లక్షలు మీవే అయినా చేతిలో ఉండవు. కనీసం 2 నెలల అద్దె, తిండి ఖర్చు విడిగా ఫారెక్స్ కార్డులో పెట్టుకుని వెళ్లండి. నోట్ల వాడకం చాలా తక్కువ, కార్డే ప్రధానం.

పార్ట్‌టైమ్ ఉద్యోగం చేయొచ్చా?

చేయొచ్చు. స్టూడెంట్ పర్మిట్ మీద చదువుతో పాటు వారానికి 20 గంటల వరకు అనుమతి ఉంటుంది. సెలవుల్లో పూర్తి సమయం చేయొచ్చు. అయితే పనిలో చేరేముందే పన్నుల శాఖ నుంచి ‘టాక్స్ కార్డు’ తీసుకోండి. అది లేకపోతే యజమాని మీ జీతంలో 50 శాతం పన్నుగా కోయాల్సిందే. పర్మిట్ గడువు ముగియడానికి నెల ముందే రెన్యువల్‌కు దరఖాస్తు చేయడం మర్చిపోకండి. ఆలస్యం చేస్తే పనిచేసే హక్కు దగ్గరే ఇబ్బంది వస్తుంది.

ఇల్లు దొరుకుతుందా?

విద్యార్థుల సంక్షేమ సంస్థ హాస్టల్ గదులకు అడ్మిషన్ రాగానే దరఖాస్తు చేయండి. బయట గదులు దొరకడం కష్టం. చలికాలంలో టూరిస్టులకు రోజువారీ అద్దెకు ఇచ్చే ఇళ్లు ఎక్కువ కావడమూ ఒక కారణం.

తొందరలో మోసపోకండి. నార్వే చట్టం ప్రకారం అడ్వాన్సు ఇంటి యజమాని సొంత ఖాతాలోకి వెళ్లకూడదు. కిరాయిదారు పేరు మీద విడిగా తెరిచే డిపాజిట్ ఖాతాలో ఉండాలి. 6 నెలల అద్దెకు మించి అడగకూడదు. ‘నేను ఊళ్లో లేను, డబ్బు పంపితే తాళం కొరియర్ చేస్తాను’ అని ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి. గదిని మీరో, తెలిసినవాళ్లో చూడకుండా డబ్బు పంపొద్దు.

జబ్బు చేస్తే?

మీరు ఉండేది ఏడాదికి మించితే సాధారణంగా నార్వే జాతీయ బీమాలో సభ్యులవుతారు. అంతకన్నా తక్కువైతే బీమా మీరే తీసుకోవాలి. సభ్యులై, జనాభా రిజిస్టర్‌లో నమోదైనవాళ్లకు ఒక ఫ్యామిలీ డాక్టర్‌ను కేటాయిస్తారు. ఏ సమస్యకైనా ముందు ఆ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. స్పెషలిస్ట్ దగ్గరికి నేరుగా వెళ్లే మన పద్ధతి అక్కడ చెల్లదు.

గుర్తింపు సంఖ్య వచ్చేదాకా మధ్యలో కొన్ని వారాలు ఖాళీ ఉంటుంది. అందుకే కనీసం 3 నెలల ట్రావెల్ ఇన్సూరెన్స్‌తో బయల్దేరండి. ప్రిస్క్రిప్షన్ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మరు. రోజూ వాడే మందులుంటే 3 నెలలకు మించకుండా, డాక్టర్ చీటీతో సహా తీసుకెళ్లండి. పంటి సమస్యలుంటే ఇక్కడే చూపించుకుని వెళ్లడం మంచిది. అక్కడ ఖర్చు ఎక్కువ.

చీకటి, మంచు సంగతేంటి?

నవంబర్ చివరి వారం నుంచి జనవరి మధ్య వరకు ట్రోమ్సోలో సూర్యుడు ఉదయించడు. అలాగని 24 గంటలూ కటిక చీకటి కాదు. మధ్యాహ్నం రెండు మూడు గంటలు సాయంసంధ్యలా నీలి వెలుతురు ఉంటుంది. చుట్టూ కొండలు కావడంతో ఊళ్లోకి ఎండ వచ్చేసరికి జనవరి 21 ప్రాంతం అవుతుంది. ఆ రోజును అక్కడివాళ్లు ప్రత్యేకంగా బన్నులు తిని పండగ చేసుకుంటారు. మే 20 నుంచి జులై 22 దాకా దీనికి రివర్స్. సూర్యుడు అస్తమించడు, మందపాటి కర్టెన్లు లేకపోతే నిద్ర పట్టదు.

చీకటి నెలల్లో నిద్ర వేళలు మారి, గదిలోనే ఉండిపోవాలనిపిస్తుంది. రోజూ ఒకే టైమ్‌కు లేవండి, మధ్యాహ్నపు ఆ కాస్త వెలుతురులో బయటికెళ్లండి. అక్కడివాళ్లు విటమిన్ డి కోసం చేప నూనె తాగుతారు. శాకాహారులు డాక్టర్‌ను అడిగి మాత్రలు వాడొచ్చు. దిగులు రెండు వారాలకు మించి ఉంటే యూనివర్సిటీ కౌన్సెలర్‌తో మాట్లాడండి. అమ్మానాన్నలూ గుర్తుంచుకోండి. మనకూ అక్కడికీ తేడా చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర.

ఇక చలి. సముద్రంలో వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 3, 4 డిగ్రీలే. అసలు ప్రమాదం జారుడు. మంచు మీద వాన పడి గడ్డకడితే రోడ్డు అద్దంలా మారుతుంది. బూట్ల కింద తొడుక్కునే ముళ్ల పట్టీలు తప్పకుండా కొనుక్కోండి. చీకట్లో వాహనాలకు కనిపించేలా కోటుకు మెరిసే రిఫ్లెక్టర్ తగిలించుకోండి. లోపల కాటన్ వద్దు, చెమట ఆరక వణికిస్తుంది. ఉన్ని వేసుకోండి. జాకెట్, బూట్లు అక్కడే కొనడం మేలు.

పెట్టెలో ఏం పెట్టకూడదు?

యూరప్ బయటి నుంచి మాంసం, పాల ఉత్పత్తులు తీసుకురావడం నిషేధం. అంటే చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఆగిపోతాయి. ఆవకాయ, కారప్పొడులు తీసుకెళ్లొచ్చు. నెయ్యి అన్నం అలవాటున్నవాళ్లు అక్కడి వెన్న కొని కాచుకోవచ్చు.

సిటీ బస్సు టికెట్ యాప్‌లో ఎక్కేముందే కొనండి. ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. శనివారమే సరుకులు తెచ్చుకోండి. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

నాలుగు రోజుల టూర్‌కు వెళ్తుంటే?

నార్తర్న్ లైట్స్ సెప్టెంబర్ నుంచి మార్చి చివరి వరకు కనిపిస్తాయి. అయితే గ్యారంటీ లేదు. మబ్బు పడితే ఏమీ కనిపించదు. ఒక్క రాత్రి కోసం వెళ్లకండి, కనీసం మూడు నాలుగు రాత్రులు పెట్టుకోండి. టూర్ వ్యాన్లు మబ్బు లేని చోటు వెతుక్కుంటూ ఒక్కోసారి ఫిన్లాండ్ సరిహద్దు దాటుతాయి. పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి. టూరిస్టులకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు.

మంచు రోడ్డు మీద ఎప్పుడూ నడపనివాళ్లు చలికాలంలో అద్దె కారు తీసుకోవద్దు. తీసుకున్నా ఫొటో కోసం రోడ్డు పక్కన ఆపొద్దు, పార్కింగ్ స్థలంలోకే వెళ్లండి. రోడ్లు మూసేశారో లేదో 175 నంబర్‌లో తెలుసుకోవచ్చు.

ఫోన్‌లో సేవ్ చేసుకోండి

ఫైర్: 110
పోలీసులు: 112
అంబులెన్స్: 113
ప్రాణాపాయం కాదుగానీ, ఫ్యామిలీ డాక్టర్ దొరికే వేళ కాదు అనుకుంటే: 116117

భారత రాయబార కార్యాలయం ట్రోమ్సోలో లేదు, ఆస్లోలో ఉంది. పాస్‌పోర్ట్ పోతే విమానం ఎక్కి వెళ్లాల్సి రావచ్చు. బయల్దేరే ముందే పాస్‌పోర్ట్, పర్మిట్ కాపీలు మీ ఈమెయిల్‌లో ఒకటి, ఇంట్లోవాళ్ల దగ్గర ఒకటి ఉంచండి. పోలీస్ స్లాట్ ఇంకా బుక్ చేయకపోతే, కోటు షాపింగ్ పక్కనపెట్టి ముందు ఆ పని చూడండి.