బ్రెజిల్‌లో మన ఒంగోలు కోడె

ఒంగోలు దగ్గర కరవది పేరు మోస్తూ 1960 దశకంలో ఓడెక్కిన కోడెను బ్రెజిల్ రైతులు నేటికీ తలుస్తారు. మన జాతిని అక్కడ 'నెలోర్' అంటారు. మాంసం పశువుల్లో ఇవే ఎక్కువ. పచ్చిక మీదే మేస్తే ఇది కోతకు రావడానికి మూడేళ్ల దాకా పడుతుంది. నెలోర్ ఆవుకు స్కాట్లండ్ ఆంగస్ సూది వేయిస్తే పుట్టే దూడ, దాణా బాగా పడితే, రెండేళ్లకే వస్తుంది, మాంసమూ మెత్తన. అయితే ఎండకూ పిడుదులకూ ఓర్చేది మన రక్తమే. ఆంగస్ పాలు మరీ పెరిగితే మంద ఎండకు రొప్పుతుంది. అందుకే తల్లిగా నెలోర్‌నే ఉంచుకుంటారు.

మన దగ్గర లెక్క వేరు. ఆవు, దూడల వధను 1977 చట్టం నిషేధించింది. జెర్సీ సంకర ఆవు పాలిస్తుంది నిజమే. దాని కోడెదూడకు మాత్రం మూపురం సరిగా ఉండదు, ఎండలో కాడి లాగలేదు. ఒంగోలు ఆవు ఎదకొస్తే ఏ సూదో అడిగే వేయించాలి. జెర్సీ పడితే ఆ ఈతకు జాతి పోయినట్టే.