మన కొండలు అగ్నిపర్వతాలా?

డాల్ఫిన్స్ నోస్ చూడ్డానికి వెళ్లినప్పుడు మీ బుడతడు ఉన్నట్టుండి 'నాన్నా, ఈ కొండ ఎప్పుడైనా పేలుతుందా?' అని అడిగితే ఏం చెబుతారు? భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, తీరంలో నల్లటి ఇసుక చారలు... విశాఖలో ఆ అనుమానం రావడంలో వింతేమీ లేదు. మరి తేల్చుకోవడం ఎలా?

ఆకారాన్ని నమ్మొద్దు!
అగ్నిపర్వతం అనగానే బోర్లించిన గరాటా, కొన మీద గుంట గుర్తొస్తాయి. కానీ వానా గాలీ చెక్కితే మామూలు కొండకూ ఆ రూపం వస్తుంది. పాతబడిన అగ్నిపర్వతం నోరు పూడిపోనూ వచ్చు. అందుకే అడగాల్సింది రాయిని.

రాయి చెప్పే సాక్ష్యం
లావా నేల మీదికి రాగానే త్వరగా చల్లారుతుంది. కాబట్టి ఆ రాతిలో రేణువులు కంటికి ఆనవు. వాయువులు తప్పించుకున్నచోట బుడగల్లాంటి చిల్లులు మిగులుతాయి. నల్లటి బసాల్ట్ అలాంటిదే. ఇప్పుడు కైలాసగిరి దగ్గర తెగిన రాతిని చూడండి. చారలు చారలుగా, మధ్యలో దానిమ్మ గింజల్లాంటి ఎర్రని గార్నెట్లు! ఇది ఖోండలైట్. తూర్పు కనుమల్లోని ఖోండుల పేరే దీనికి పెట్టారు. కోణార్క ఆలయం కట్టిందీ ఈ రాతితోనే. ఎప్పుడో పేరుకున్న మట్టి, ఇసుక భూమి లోతుల్లోకి దిగి, సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట వేడికీ ఒత్తిడికీ మారిపోయి ఇలా తయారయ్యాయి. ఇది లావా కానే కాదు. దిబ్బల ఎరుపు ఇనుము తుప్పుది. ఇసుకలో నలుపు ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలది.

ఉక్కునగరంలో ఇంకో చిక్కుంది. చిల్లులున్న నల్లరాయి దొరికిందని సంబరపడకండి. కొలిమిలోంచి వచ్చిన స్లాగ్ చల్లారినా అచ్చం అలాగే ఉంటుంది!

అసలు లావా ఎక్కడ?
మన రాష్ట్రంలోనే ఉంది. రాజమహేంద్రవరం దగ్గర కాటేరు, గోదావరి అవతల గౌరీపట్నం క్వారీల్లోని నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లనాటి లావా. పడమటి దక్కన్‌లో నేల చీలికల్లోంచి ఉబికి, వెయ్యి కిలోమీటర్ల వరకూ పారి వచ్చిందని శాస్త్రవేత్తల అంచనా. అంటే లావా రాయి ఉన్నచోటల్లా అగ్నిపర్వతం ఉండాలనేం లేదు. బతికున్నదాన్ని చూడాలంటే మాత్రం అండమాన్ వెళ్లాల్సిందే. పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది బారెన్ ద్వీపం. సుమారు ఒకటిన్నర శతాబ్దం నిద్రపోయి 1991లో లేచింది. 2017లోనూ బూడిద చిమ్మింది. పొగ, వేడి, కొత్త లావా... అసలు గుర్తులంటే అవీ!

కాబట్టి మీ బుడతడికి ధైర్యంగా చెప్పండి... మన కొండలు వాటంతట అవి పేలవు. క్వారీల కోసం మందుగుండు పెట్టి పేలుస్తున్నది మనుషులే. వంద కోట్ల ఏళ్లు నిలిచిన రాయి కంకరగా మారడానికి ఒక్కపూట చాలు.