మీకు తెలుసా? గుండెలోని మిషనుకూ ఓ కార్డు ఉంటుంది

పేస్‌మేకర్, స్టెంట్ లాంటివి అమ్మకానికి అనుమతి వచ్చాక కూడా నిఘాలోనే ఉంటాయి. ఇందుకోసమే మన దేశంలో 2015 జులై 6న మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాలపై నిఘా) కార్యక్రమం మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూసుకుంటోంది. కొన్ని లోపాలు వేలమందిలో ఏళ్ల తరబడి వాడితే గానీ బయటపడవు. సెయింట్ జూడ్ కంపెనీ డీఫిబ్రిలేటర్లు (గుండె లయ తప్పితే షాకిచ్చే పరికరాలు) కొన్నింటిలో లిథియం పోగుపడి బ్యాటరీ ముందే అయిపోతోందని 2016లో తేలింది.

వడమాలపేట నుంచి తిరుపతి వెళ్లి పేస్‌మేకర్ పెట్టించుకున్నారా? ఆసుపత్రిలో ఇచ్చిన చిన్న కార్డును బీరువాలో పడేయకండి. మోడల్, సీరియల్ నంబర్లు దాంట్లోనే ఉంటాయి. కంపెనీ ఏ బ్యాచ్‌నైనా వెనక్కి పిలిస్తే, అందులో మీది ఉందో లేదో తేల్చేవి అవే. తేడా అనిపిస్తే ముందు డాక్టరుకు చూపించండి. ఫిర్యాదు మాత్రం రోగి కూడా చేయొచ్చు: 1800-180-3024, ఫోనుకు డబ్బులు పడవు.