వెన్ను దెబ్బతిన్న పిల్లలు: శాతం సరే, స్నేహితుల లెక్క ఏది?

చెట్టు మీద నుంచి జారిపడో, ట్రాక్టరు బోల్తాపడో వెన్నుపాము దెబ్బతిన్న పిల్లవాణ్ణి ఆస్పత్రిలో డాక్టర్లు గుండుసూదితో, దూదితో తాకి చూస్తారు. స్పర్శ ఎందాక వున్నదీ, ఏ కండరం ఎంత కదులుతున్నదీ వ్రాసుకుంటారు. అమెరికా వెన్నుపాము గాయాల సంఘం 1982లో తయారుచేసిన పద్ధతి యిది. ఆ తర్వాత ఊళ్ళలో సదరం అని పిలుచుకునే సర్టిఫికెట్టు మీద నూటికి యింత అని పడుతుంది. 2016 నాటి చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వుంటే బడిలో ఉచిత చదువు వంటి హక్కులు వర్తిస్తాయి. అక్కడితో కొలత ముగిసింది.

కాని ఆ పిల్లవాడు బడికి పోతున్నాడా? తోటి పిల్లలు యింటికి వస్తున్నారా? వినాయక చవితి పందిరి దాకా ఎవరైనా ఎత్తుకుపోతున్నారా? ఆ కాగితంలో యీ గడులు లేవు.

నలుగురిలో పాల్గొనడాన్ని కూడా ఆరోగ్యం లెక్కలోకి తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే చెప్పింది. 2004లో కెనడా పరిశోధకులు 6 నుంచి 21 ఏళ్ళ వారికి 'కేప్' అనే ప్రశ్నావళి తెచ్చారు. అందులో 55 పనులుంటాయి, బొమ్మల కార్డులతో సహా. గడచిన 4 నెలల్లో ఆ పని చేశావా, ఎన్నిసార్లు, ఎవరితో, ఎక్కడ, ఎంత యిష్టంగా అని అడుగుతారు. అమెరికాలో శ్రైనర్స్ ఆస్పత్రులవారు వెన్నుపాము దెబ్బతిన్న పిల్లలనే యీ ప్రశ్నలు అడిగారు. 'ఎవరితో' అన్న ప్రశ్నే అసలైనది. పది రకాల పనులు చేసినా అన్నీ అమ్మతో, అన్నీ వసారాలోనే అయితే సంగతి తెలిసిపోతుంది.

జవాబు తల్లి చెబితే చాలదు. "బాగానే ఆడుకుంటాడు" అని ఆమె అనవచ్చు. పిల్లవాణ్ణి విడిగా అడిగితే మరో మాట రావచ్చు. ఆ కార్డులు అక్కడి ఆటలకు వేసినవి కనుక, మన పల్లెలకు గోళీలు, బతుకమ్మ, తిరునాళ్ళు చేర్చుకోక తప్పదు.

లెక్క తక్కువ వచ్చిందంటే తప్పు నడుముదే అనుకోవడం పొరపాటు. యీ పిల్లల్లో చాలామందికి మూత్రం వచ్చేది తెలియదు. 4 నుంచి 6 గంటలకోసారి గొట్టంతో తీయాలి. బడిలో చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి లేకపోతే మధ్యాహ్నానికల్లా యిల్లు చేరాల్సిందే. బట్టలు తడిస్తే తోటివాళ్ళు నవ్వుతారన్న భయం ఒకటి. మెట్లు సరేసరి. అడుగు ఎత్తు అరుగుకు 12 అడుగుల పొడవున వాలు కడితే కుర్చీ ఎక్కుతుంది. అది ఒక మేస్త్రీకి రెండు మూడు రోజుల పని.